అంటువ్యాధులు, హజ్ యాత్ర: ఒక హదీసులోని రెండు ఆజ్ఞలు

అంటువ్యాధిని గురించి హదీసు గ్రంథాలలో ఒక ప్రసిద్ధ ఉల్లేఖనం ఉంది. ఏదైనా ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని వింటే అక్కడికి వెళ్ళవద్దనీ, మీరున్న చోటనే అది వ్యాపిస్తే దానికి భయపడి అక్కడినుండి పారిపోవద్దనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇందులో రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. రెండవదాని సంగతేమిటి? జబ్బు సోకని మనిషి ప్రాణం దక్కించుకోవడానికి ఊరు విడిచిపోతే తప్పేమిటి? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఏమి సమాధానమిస్తున్నదో, నేడు హజ్‌కు, ఉమ్రాకు బయలుదేరే మన సోదర సోదరీమణులకు అది ఎలా వర్తిస్తుందో పరిశీలిద్దాం.

ఈ హదీసు వెలుగులోకి వచ్చిన సందర్భం పాఠకులలో చాలామందికి తెలిసినదే. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని సేనానులు ఎదురువచ్చి చెప్పారు. ఆయన ముహాజిర్లనూ, అన్సార్లనూ, ఖురైష్ పెద్దలనూ వేర్వేరుగా సంప్రదించి, చివరకు వెనుదిరగాలని నిర్ణయించారు. ఇది అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ఈ విషయమై తాను ప్రవక్త (స) నోట విన్నది తెలియజేశారు. ఉమర్ (రజి) మొదటి ఆజ్ఞ ప్రకారం తిరిగి వెళ్ళారు. అబూ ఉబైదా (రజి) తన సైనికుల మధ్యనే ఉండిపోయి, అమ్వాస్ ప్లేగుగా చరిత్రకెక్కిన ఆ వ్యాధిలోనే మరణించారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ‘లా అద్వా’ అనే మాట కూడా హదీసులలోనే ఉన్నది గదా? అరబీ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారు ఈ రెండు పదాల దగ్గర ఆగి ఆలోచించవలసి వస్తుంది. ‘అంటువ్యాధి అనేదే లేదు’ అని ముక్కస్య ముక్కగా రాస్తే పాఠకుడు తప్పుదారి పడతాడు. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలుకురావద్దని చెప్పిందీ ప్రవక్త (స) గారే. కాబట్టి వ్యాధి అల్లాహ్ చిత్తంతో నిమిత్తం లేకుండా తనంతట తానే అంటుకునే శక్తి గలదన్న అజ్ఞానకాలపు నమ్మకాన్ని ఆ మాట ఖండిస్తున్నదనీ, కారణాలను విస్మరించమని చెప్పడం లేదనీ విద్వాంసులలో ఎక్కువమంది వివరించారు.

కారణాలను విస్మరిస్తే ఏమవుతుందో మన విద్వాంసులే రాసిపెట్టారు. బుఖారీ వ్యాఖ్యాత ఇబ్నె హజర్ అస్ఖలానీ ప్లేగు మీద ‘బజ్లుల్ మాఊన్’ అనే గ్రంథం రచించారు. ఆయన తన కుమార్తెలను ప్లేగులోనే పోగొట్టుకున్నవారు. హిజ్రీ 833లో, అంటే క్రీ.శ. 1430లో, కైరోలో ప్లేగు మొదలైనప్పుడు రోజుకు నలభై మందికి లోపే చనిపోతుండేవారనీ, ప్రజలు మూడు రోజులు ఉపవాసముండి ఎడారి మైదానంలో గుమిగూడి దుఆ చేసి వచ్చారనీ, నెల తిరగక ముందే రోజువారీ మరణాలు వెయ్యి దాటాయనీ ఆయన నమోదు చేశారు. ప్లేగుకు మూలం ఏమిటనే విషయంలో ఆయన అభిప్రాయం నేటి వైద్యులది కాదు. అయినా చూసినదాన్ని చూసినట్లు రాశారు. దుఆ చేయడంలో దోషం లేదు; అంతమంది ఒకచోట చేరడంలోనే ప్రమాదమున్నది.

ప్రపంచంలోని పెద్ద సమూహాలలో హజ్ ఒకటి. 1865లో హజ్ సమయంలో కలరా చెలరేగి, సుమారు 90 వేల మంది యాత్రికులలో 15 వేల మంది మరణించారని అంచనా. తిరుగు ఓడలతో పాటు అది సూయజ్ చేరి, ఈజిప్టు మీదుగా ఐరోపాకు పాకింది. దాని ఫలితంగా 1866లో ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిగింది. తరువాతి కాలంలో భారతదేశం నుండి వెళ్ళే యాత్రికుల ఓడలను ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవి వద్ద ఆపి, యాత్రికులను కొన్నాళ్ళు క్వారంటైన్‌లో ఉంచేవారు. ఉత్తరానికి తిరిగివెళ్ళేవారికి సీనాయి తీరాన అత్తూర్‌లో అలాంటి కేంద్రమే ఉండేది. 1905లో ఆ అత్తూర్‌లోనే, కలరా లక్షణాలు కనిపించని యాత్రికుల మృతదేహాలలో ఒక కొత్త రకం కలరా క్రిమి దొరికింది. ఆ స్థలం పేరిటే దానిని ‘ఎల్ తోర్’ అన్నారు. 1961లో ఇండోనేషియా నుండి బయలుదేరి నేటికీ సమసిపోని కలరా మహమ్మారికి కారణం ఈ రకమే.

ఇక్కడే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జబ్బు లేనివాడు కూడా జబ్బును మోయగలడు.

దీనికి నేటి ఉదాహరణ మెనింజైటిస్, అనగా మెదడును కప్పి ఉంచే పొరల వాపు. దీనిని కలిగించే మెనింగోకాకస్ అనే సూక్ష్మజీవి సాధారణ కాలంలోనే నూటికి అయిదు నుండి పదిమంది గొంతులో, ముక్కు లోపల నివసిస్తూ ఉంటుంది. వారికి జ్వరమైనా రాదు. కాని వారి దగ్గు, తుమ్ము, ఎంగిలి ద్వారా మరొకరికి చేరి, కొందరిలో రక్తంలోకి, మెదడు పొరలలోకి చొరబడుతుంది. అప్పుడు గంటల వ్యవధిలోనే ప్రాణం మీదికి వస్తుంది. చికిత్స అందినా నూటికి పదిమంది, అంతకు మించి కూడా చనిపోతారు. బ్రతికినవారిలో కొందరికి వినికిడి పోతుంది, కొందరికి అవయవాలు దెబ్బతింటాయి.

1987 హజ్‌లో ఈ జీవిలోని ‘ఏ’ రకం చెలరేగింది. ఆ తరువాత యాత్రికులకు టీకా తప్పనిసరి చేశారు. నాడు వేసిన టీకా ‘ఏ’, ‘సీ’ రకాలకు మాత్రమే రక్షణ ఇచ్చేది. 2000లో ‘డబ్ల్యూ 135’ అనే మరో రకం వచ్చింది. యాత్రికులు తిరిగివెళ్ళిన తరువాత అనేక దేశాలలో వ్యాధి బయటపడింది. వ్యాధిగ్రస్తులలో హజ్‌కు వెళ్ళనివారూ ఉన్నారు. వారు యాత్రికుల ఇంటివారు, దగ్గరివారు. దాంతో 2002 నుండి నాలుగు రకాలకు పనిచేసే టీకా నిబంధన అమలులోకి వచ్చింది. నిన్నటి టీకా నేటి వ్యాధికి చాలకపోవచ్చునని ఈ అనుభవం నేర్పింది.

నిబంధన ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. 2024 వసంతంలో ఉమ్రా ప్రయాణాలతో సంబంధమున్న 12 మెనింజైటిస్ తరహా కేసులు అమెరికా, ఫ్రాన్సు, బ్రిటన్‌లలో బయటపడ్డాయి. వారిలో 10 మంది యాత్రికులు, ఇద్దరు ప్రయాణమే చేయనివారు. టీకా వివరాలు తెలిసిన 9 మందిలో ఒక్కరూ టీకా వేయించుకోలేదు.

ఇది మన రాష్ట్రాలకూ వర్తించే విషయమే. హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ శిక్షణ శిబిరాలు, టీకా శిబిరాలు జరుగుతాయి. ఉమ్రాకు ఏడాది పొడవునా ట్రావెల్ ఏజెంట్ల ద్వారా వెళ్ళేవారి పరిస్థితి వేరు. టికెట్టు, వీసా, హోటలు చూసుకున్నంత శ్రద్ధగా టీకాను చూసుకునేవారు తక్కువ. టీకాను కాగితంగా మాత్రమే చూసి, సూది లేకుండా సర్టిఫికెట్టు సంపాదించాలనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. సర్టిఫికెట్టు చూసి అధికారి వదిలిపెట్టవచ్చు, వ్యాధి వదిలిపెట్టదు. పైగా అది అబద్ధపు సాక్ష్యం. ఇహ్రామ్ ధరించి చేసే ప్రయాణాన్ని అబద్ధంతో ఆరంభించడం తగునా?

ఆచరణలో గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. టీకాను ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా రకాన్ని బట్టి అది మూడేళ్ళు లేదా అయిదేళ్ళు చెల్లుతుంది; ఏ రకం వేశారో సర్టిఫికెట్టులో రాయించుకోవాలి. ఒంటెల శాలలకు వెళ్ళడం, పచ్చి ఒంటె పాలు తాగడం మానుకోవాలి. 2012లో సౌదీ అరేబియాలో తొలిసారి గుర్తించిన మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి ఒంటెల నుండి మనుషులకు సోకుతుందని, సోకినట్లు తేలినవారిలో దాదాపు మూడవ వంతు చనిపోయారని మరువరాదు.

తిరిగివచ్చాక హాజీలను కౌగిలించుకోవడం, వారి చేత దుఆ చేయించుకోవడం, ఒకే గిన్నెలోని జమ్‌జమ్‌ను అందరూ పంచుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఆదరణ అలాగే ఉండనిద్దాం, గ్లాసులు మాత్రం ఎవరివి వారికి ఇద్దాం. దగ్గు, జ్వరం ఉన్న హాజీ కొద్ది రోజులు పసిపిల్లలకు, వృద్ధులకు దూరంగా ఉండాలి. హాజీకి గాని, ఇంటివారికి గాని హఠాత్తుగా తీవ్ర జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, ఒంటి మీద ఊదారంగు మచ్చలు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. యాత్ర సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇంట్లో కలిసి ఉన్నవారికి కూడా ముందుజాగ్రత్త మందు అవసరమవుతుంది. 2024 నాటి కేసులలో కొన్ని క్రిములు అందుకు సాధారణంగా వాడే సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగలేదు గనుక, ఆ మందును సొంతంగా కొనుక్కుని మింగకూడదు.

హదీసులోని మొదటి ఆజ్ఞ మన ప్రాణాన్ని కాపాడుతుంది. రెండవది మన వల్ల ఇతరుల ప్రాణాలు పోకుండా కాపాడుతుంది. నేను బాగానే ఉన్నాను గదా అనుకునే వ్యక్తిని ఉద్దేశించి చెప్పినది ఈ రెండవదే. అది అర్థమైన యాత్రికుడు తనకోసం కాకపోయినా, మినాలో తన పక్కన పడుకునే అపరిచితునికోసం, తిరిగిరాగానే ఒడిలోకి ఎక్కే మనవడికోసం టీకా వేయించుకుంటాడు.