శీతకాల కైంకర్యము



ధనుర్మాసము ప్రవేశించినంతనే మన ఆలయములలో తెల్లవారకమునుపే అర్చన ఆరంభమగును. సరిగా ఆ దినములలోనే అరకులోయ, పాడేరు, లంబసింగి ప్రాంతములందు చలి ముదురును. లంబసింగిలో కొన్ని సంవత్సరములు ఉష్ణోగ్రత సున్నకు చేరువగా దిగినది. ఇట్టి చోట ఆలయపు పని ఎట్లు నడువవలెను? చలియని మానవచ్చునా? విధియని అందరిని వణకించవచ్చునా?

ముందుగా లోకములోని ఒక దృష్టాంతమును చూతము. కొత్తవలస నుండి కిరండూలునకు 1960వ దశకమున వేసిన రైలుమార్గము అరకు మీదుగా పోవును. దానిపై సిమిలిగూడ స్టేషను సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. మంచు పట్టినదని రైల్వేవారు బండ్లనన్నిటిని మానివేయరు. మంచును లెక్కచేయక పరుగెత్తింపనులేదు. స్టేషను మాస్టరు 180 మీటర్ల దూరమున నిర్ణయించిన గురుతు కనబడునో లేదో చూడవలెనని వారి నియమము. కనబడనిచో, అవసరమైన చోట సిగ్నలునకు 270 మీటర్ల ముందు పట్టాపై పేలుడు బిళ్ళలు అమర్తురు. చక్రము క్రింద అవి మ్రోగగానే సిగ్నలు సమీపించినదని డ్రైవరు గ్రహించును. చలికి ఉక్కు కుంచించుకొని పట్టా విరుగు భయము గలదు గనుక, మనుష్యులు దాని వెంట నడచి పరీక్షింతురు. పని ఆగలేదు, పని చేయు తీరు మారినది.

శాస్త్రమార్గమును ఇట్టిదే. ప్రాతఃస్నానము విధి. అయినను అశక్తునకు తడివస్త్రముతో ఒడలు తుడుచుకొనుట, భస్మధారణము, మంత్రస్నానము, మానసస్నానము చెప్పబడినవి. హిమాలయమున కేదారనాథాలయము శీతకాలమున మూయబడగా, స్వామికి పూజలు ఊఖీమఠమున జరుగును. స్థలము మారినది గాని ఆరాధన లోపింపలేదు. దేశము, కాలము, శక్తి చూచి చేయుటయే ధర్మము.

"శీతోష్ణములను సహింపుమని గీత చెప్పలేదా?" యని కొందరు మమ్ము అడుగుదురు. చెప్పినది. రెండవ అధ్యాయమున భగవానుడు అర్జునునకు ఆ మాట చెప్పెను. అది ఎవరికి వారు అభ్యసింపవలసిన ఓర్పు. ఇతరుని వణకునకు దానిని సాకుగా చూపరాదు. శాలువ కప్పుకొని సేవకు వచ్చు మనము, చన్నీళ్ళతో ప్రాకారము కడుగు వృద్ధురాలికి తితిక్ష బోధించుట తగునా?

కావున కొండప్రాంతపు ధర్మకర్తలకు మా మనవి ఇది. అర్చనాకాలమును మార్చనక్కరలేదు. ప్రాకారపు శుభ్రతను ముందునాటి సాయంకాలమే ముగింపవచ్చును. పూలు, పాలు మైదానము నుండి రావలసియున్నచో, మంచులో ఘాటుదారిన బండి నడపనీయక ముందునాడే తెప్పించుకొనుడు. పాత్రలు తోముటకు వేడినీరు అమర్చుడు. కావలివానికి ఆరుబయట నెగడు వేయింపుడు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రింపనీయకుడు. అందుండి వెలువడు విషవాయువునకు వాసన లేదు, ప్రాణము తీయును. వృద్ధులును రోగులును ఎండ వచ్చిన తరువాతనే పనికి రావలెనని ముందుగానే చెప్పుడు. ఆ పూట కూలి తగ్గింపకుడు.

శీతకాలమున కంబళదానము పుణ్యమని పెద్దలు చెప్పుదురు. ఆ దానమునకు పాత్రుని వెదకుచు దూరము పోనేల? వేకువనే చీపురు పట్టి మన వాకిట నిలిచినవారికే మొదటి కంబళి ఇత్తము. స్వామికి వెచ్చని పొంగలి నివేదించు చేతులు, అది వండిన చేతులను మరువరాదు.

శుభమస్తు.