అమ్మమ్మ పెదవులు, నా ఆరు ఫ్రేములు

దసరా సెలవుల్లో అమ్మమ్మ చేత నాట్ల పాటలు పాడించి రికార్డ్ చేశాను. వీడియో ఫోన్‌లో తీశాను. గొంతు బాగా రావాలని ఒక చిన్న వాయిస్ రికార్డర్ అడిగి తెచ్చుకుని ఆవిడ పక్కన స్టూల్ మీద పెట్టాను. మొత్తం యాభై నిమిషాలు. హాస్టల్‌కి వచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే వీడియో ఒక దారి, ఆడియో ఒక దారి. ఇంకోసారి పాడమని ఫోన్ చేసి అడిగితే, "ఓసారి పాడేశాను కదరా, మళ్ళీ అదే పాడితే నాటకంలా ఉంటది" అంది. అంటే ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

సినిమా షూటింగ్‌లో క్లాప్ ఎందుకు కొడతారో నాకప్పుడు తెలిసొచ్చింది. చెక్క తగిలిన ఫ్రేమూ, "టక్" మన్న చోటూ కలిపితే పని అయిపోతుంది. నేను క్లాప్ కొట్టలేదు. నన్ను కాపాడింది ఫోన్‌లో రికార్డైన ఆ చెత్త ఆడియోనే. ఎలాగూ వాడం కదా అని దాన్ని డిలీట్ చేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఫోన్ విన్నదీ రికార్డర్ విన్నదీ ఒకే పాట కాబట్టి, రెండింటినీ పోల్చి ఎంత జరపాలో కనుక్కోవచ్చు.

ఈ పోల్చడాన్నే క్రాస్ కోరిలేషన్ అంటారు. సిగ్నల్స్ పుస్తకంలో చూస్తే భయమేస్తుంది గానీ విషయం చిన్నదే. రెండు ఆడియోలూ రెండు పొడుగాటి అంకెల వరసలు. ఒకదాని మీద ఇంకోదాన్ని కొంచెం కొంచెం జరుపుతూ, ఎదురెదురు అంకెల్ని గుణించి కూడుతూ పోవాలి. ఎక్కడ మొత్తం అన్నిటికన్నా ఎక్కువొస్తే అక్కడ రెండూ అతుకుతాయి. సైపైలో దీనికి రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. మొదటి నిమిషం ముక్క ఇస్తే చాలు, యాభై నిమిషాలూ ఇచ్చి ల్యాప్‌టాప్‌ని ఏడిపించక్కర్లేదు. నాకు మొదట తప్పు జవాబొచ్చింది. కారణం సీలింగ్ ఫ్యాన్. దాని రొద ఎంత జరిపినా ఒకేలా ఉంటుంది కదా. కింది ఫ్రీక్వెన్సీలు ఫిల్టర్ చేశాక సరైన చోటు దొరికింది.

మొదటి పాట అతికినట్టు కుదిరింది. సంతోషంగా చివరి పాటకి వెళ్తే, అమ్మమ్మ నోరు మూసేశాక మాట వినిపిస్తోంది! ఆరు ఫ్రేములు లేటు. సెకనుకి 30 ఫ్రేములు కాబట్టి 200 మిల్లీ సెకన్లు. ఐటీయూ లెక్క ప్రకారం శబ్దం సుమారు 45 మిల్లీ సెకన్లు ముందొచ్చినా, 125 వెనకపడినా మనిషి పసిగట్టేస్తాడు. మెరుపు తర్వాత ఉరుము వినే అలవాటున్న వాళ్ళం కాబట్టి లేటుని కాస్త క్షమిస్తామేమో.

తప్పు నాది కాదు, గడియారాలది. ప్రతి పరికరంలోనూ సమయం కొలిచే క్రిస్టల్ ఒకటుంటుంది. ఏ రెండూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. 3000 సెకన్లలో 0.2 సెకను తేడా అంటే, సెకనుకి 48,000 శాంపిల్స్‌లో దాదాపు మూడు. ఆ మూడే పోగుపడి ఆరు ఫ్రేములయ్యాయి. అందుకని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తేడా కొలిచి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఆడియో వేగాన్ని 1.0000667 రెట్లు చేశాను. గొంతులో మార్పేమీ వినపడదు. దీనికి ముందు ఇంకో పని: చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటుని మధ్యమధ్యలో మార్చేస్తుంటాయి, ముందు దాన్ని స్థిరమైన రేటుకి మార్చుకోండి. లేకపోతే ఎడిటర్‌లో ఏ లెక్కా నిలవదు.

కుదిరిందో లేదో చివరికి కంటితోనే చూసుకోవాలి. ఇక్కడ నాకు సాయపడింది తెలుగు వ్యాకరణం. ఇంగ్లీష్ మీడియంలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఓష్ఠ్యాలు గుర్తున్నాయా? ప, బ, మ పెదవులు కలవకుండా పలకలేం. అంటే ప్రతి "మ" దగ్గరా ఒక క్లాప్ ఉన్నట్టే. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ, పెదవులు విడిపోయే ఫ్రేమ్‌లోనే "ప" పేలుతోందా అని చూశాను. "అమ్మా" అన్న చోటల్లా ఆగాను. పాటలో ఆ మాట చాలాసార్లు వచ్చింది, నా అదృష్టం.

సంక్రాంతికి వెళ్ళి ఇంకొన్ని పాటలు రికార్డ్ చేశాను. ఈసారి మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట. చివరిది కొట్టగానే అమ్మమ్మ కొంగు సర్దుకుని, "ఏరా, అంత బాగా పాడానా?" అంది.