డెలాయిట్ ఇంటర్వ్యూకి పిల్లలు వెళ్తున్నారా? లోపల అడిగేదేమిటి, ఇంట్లో చూసుకోవాల్సిందేమిటి

పేట్ బషీరాబాద్: సుచిత్ర దాటి మేడ్చల్ రోడ్డు ఎక్కితే కండ్లకోయ, దూలపల్లి, మైసమ్మగూడ దాకా కాలేజీలే కాలేజీలు. చివరి సంవత్సరం చదివే పిల్లల నోట ఈ మధ్య ఎక్కువగా వినిపించే పేర్లలో డెలాయిట్ ఒకటి. ఇంట్లో అబ్బాకి, అమ్మీకి మాత్రం ఒకటే సందేహం: ఇంతకీ అది ఏం తయారుచేసే కంపెనీ?

ఏమీ తయారుచేయదు. ఇతర కంపెనీల లెక్కలు తనిఖీ చేస్తుంది, వాళ్ల పన్నులు, కంప్యూటర్ వ్యవస్థలు చూస్తుంది, సలహాలిస్తుంది. 1845లో లండన్‌లో విలియం వెల్చ్ డెలాయిట్ అనే ఆయన తెరిచిన లెక్కల ఆఫీసు దీనికి మొదలు. ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీలతో కలిపి ‘బిగ్ ఫోర్’ అంటారు. ఒకప్పుడు ఐదు ఉండేవి. ఎన్‌రాన్ కుంభకోణం తర్వాత 2002లో ఆర్థర్ ఆండర్సన్ కుప్పకూలింది. లెక్కల తనిఖీ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, 2009 జనవరిలో సత్యం వ్యవహారం అందరూ చూసిందే.

గచ్చిబౌలి, హైటెక్ సిటీ ఆఫీసుల్లో జరిగేది ఎక్కువగా అమెరికా పని. బీకాం పిల్లలను తీసుకునేది అందుకే. అక్కడి మనుషులకు 1040, భాగస్వామ్య సంస్థలకు 1065, కంపెనీలకు 1120 అనే ఫారాలు ఉంటాయి. మామూలు మనిషి రిటర్ను వేయాల్సిన గడువు సాధారణంగా ఏప్రిల్ 15. కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడని పని. “ఎక్కువ గంటలు పనిచేయగలవా? షిఫ్టులో రాగలవా? ఎక్కడి నుంచి వస్తావు?” అని ఇంటర్వ్యూలో అడగడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఈ ప్రశ్న దగ్గర మన పిల్లలు ఇంట్లో అడగకుండానే తల ఊపేస్తారు. పేట్ బషీరాబాద్ నుంచి గచ్చిబౌలి అంటే బాలానగర్, కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటుకుని పోవాలి. మెట్రో ఇంకా ఈ రోడ్డుకు రాలేదు. ఉద్యోగం వచ్చాక ఇంట్లో గొడవ పడేకంటే ముందే కూర్చుని మాట్లాడుకోవడం మేలు. అమ్మాయిలైతే రాత్రి షిఫ్టుకు కంపెనీ బండి ఉంటుందా, ఇంటి గుమ్మం దాకా వస్తుందా అని అడగొచ్చు. అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇక లోపల జరిగేది. దరఖాస్తు తర్వాత సాధారణంగా ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది: ఇంగ్లీషు, లెక్కలు, తర్కం. చాలాచోట్ల కంప్యూటర్ ముందు మాట్లాడించి ఉచ్చారణ చూసే పరీక్ష కూడా పెడతారు. కాలేజీలో అయితే గ్రూప్ డిస్కషన్. తర్వాత సబ్జెక్ట్ రౌండ్, చివరికి మేనేజరో హెచ్‌ఆరో మాట్లాడతారు. ఉద్యోగాన్ని బట్టి రౌండ్లు మారతాయి.

పిల్లలు భయపడేది ఇంగ్లీషుకి. ఎక్కువమంది తడబడేది మాత్రం తమ సొంత రెజ్యూమె దగ్గర. “నీ గురించి చెప్పు” అనగానే బట్టీ పట్టింది మొదలుపెడతారు. ఎదుటివారు మధ్యలో ఆపి, “ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిన భాగం ఏది?” అంటారు. అమీర్‌పేట్‌లో డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ప్రాజెక్టు అయితే కథ అక్కడితో సరి. బీకాం వాళ్లనైతే తరుగుదల ఎందుకు వేస్తారు, దానివల్ల చేతిలోంచి నగదు పోతుందా అని అడుగుతారు. పోదు. డబ్బు మిషన్ కొన్నప్పుడే పోయింది, ఇప్పుడు ఆ ఖర్చును ఏళ్ల మీద పంచుతున్నామంతే. నిర్వచనం కాదు, ఈ చిన్న వివరణ కావాలి వాళ్లకు.

కన్సల్టింగ్ ఉద్యోగాలకు వింత ప్రశ్నలూ వస్తాయి. హైదరాబాద్‌లో రోజుకు హోటళ్లలో ఎన్ని కప్పుల చాయ్ అమ్ముడవుతుంది లాంటివి. జవాబు ఎవరికీ తెలియదు, అడిగినవారికి కూడా. జనాభా కోటి అనుకుందాం, అందులో పదిమందిలో ముగ్గురు బయట తాగుతారనుకుందాం, మనిషికి రెండు కప్పులు, అంటే అరవై లక్షలు అని మెట్టు మెట్టుగా పైకి చెప్పుకుంటూ పోవాలి. చూసేది ఆలోచించే తీరు. మౌనంగా కూర్చుంటేనే నష్టం.

ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివిన పిల్లలు యాస గురించి కుంగిపోవాల్సిన పనిలేదు. ఫోన్‌లో అవతలివారికి అర్థమైతే చాలు. చిన్న వాక్యాలు, నిదానంగా. తెలియనిది తెలియదని చెప్పి, “ఇలా కనుక్కుంటాను” అంటే చాలామంది మెచ్చుకుంటారు. ఇంకో మాట. అబ్బా కిరాణా దుకాణంలో ఉద్దెర ఖాతా రాసిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఎవరి దగ్గర ఎంత రావాలి, హోల్‌సేల్ వాళ్లకు ఎంత ఇవ్వాలి అన్నది వాళ్లకు నోటికి వస్తుంది. అకౌంట్స్ ఉద్యోగానికి అంతకంటే మంచి అనుభవం ఏముంది? కానీ సిగ్గుపడి రెజ్యూమెలో రాయరు. రాయాలి. ఇంట్లో రోజూ పది నిమిషాలు ఆ ఖాతానే ఇంగ్లీషులో వివరించమంటే సాధన కూడా అయిపోతుంది.

చివరి రౌండ్ అయ్యాక వారాల తరబడి ఏ కబురూ రాకపోవచ్చు. అందరినీ ఎక్కువ నలిపేది ఈ దశే. దావత్‌కి వెళ్తే చాలు, “బేటా, అయ్యిందా?” అని ఖాలా, ఫుప్పూ అందరూ అడుగుతారు. హెచ్‌ఆర్‌కు ఒకసారి మర్యాదగా మెయిల్ పెట్టి, మిగతా దరఖాస్తులు ఆపకుండా వేసుకోవాలి. ఈసారి రాకపోయినా కొంతకాలం తర్వాత మళ్లీ ప్రయత్నించొచ్చు.

బ్రోకర్ ఫోన్ వచ్చేది కూడా సరిగ్గా ఆ మౌనంలోనే. “లోపల మనోడున్నాడు, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తా, ఇంత ఇవ్వండి” అంటాడు. అమ్మీ గాజులు కుదువపెట్టి ఇచ్చిన ఇళ్లున్నాయి. ఇలాంటి పెద్ద సంస్థలు ఉద్యోగానికి డబ్బు తీసుకోవు. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత మెయిల్ నుంచి కాక జీమెయిల్ నుంచి వచ్చిందా, డిపాజిట్ అడిగారా, అయితే అది మోసమే. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. దొంగ అనుభవం సర్టిఫికెట్ కూడా నిలవదు. ఎక్కడ ఎప్పుడు పనిచేశారో పీఎఫ్ ఖాతా చూస్తే తెలిసిపోతుంది.

సెలెక్ట్ అయ్యాక సర్టిఫికెట్ల తనిఖీ ఉంటుంది. మన ఇళ్లలో ఇక్కడే చిక్కు. పదో తరగతి మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, పాన్‌లో ‘మహమ్మద్’. ఒకచోట బేగం, ఇంకోచోట సుల్తానా. తండ్రి పేరు రెండు రకాలు. దీంతోనే ఉద్యోగం పోతుందని కాదు గానీ అఫిడవిట్ల కోసం తిరగాలి, చేరే తేదీ వెనక్కి పోవచ్చు. మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా దానికి తగ్గట్టు సరిచేసుకోవడం సులువు. మెమోలోనే తప్పుంటే చదివిన స్కూల్ హెడ్‌మాస్టర్ ద్వారా బోర్డుకు వెళ్లాలి, దానికి నెలలు పట్టొచ్చు. ఆ పని ఆఫర్ లెటర్ వచ్చాక కాదు, చివరి సంవత్సరం మొదట్లోనే మొదలుపెట్టాలి.