బెజవాడ ఎండకు తగిన ల్యాప్‌టాప్

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైతే చాలా ఇళ్లలో తర్వాతి ఖర్చు ల్యాప్‌టాప్. గవర్నర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో షాపుకి వెళ్తే వినిపించే మాటలు ఇంచుమించు ఒకటే: "ఐ7 అండీ, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ కార్డు. బాబు చదువుకీ పనికొస్తుంది, గేములూ ఆడుకోవచ్చు." ఇందులో అబద్ధం లేదు. కానీ అదే ల్యాప్‌టాప్ మే నెలలో, ఏసీ లేని పైఅంతస్తు గదిలో ఎలా పనిచేస్తుందో ఈ మాటలు చెప్పవు. అది తెలియాలంటే చూడాల్సిన అంకె వేరే ఉంది. అది వాట్లు.

ఎన్‌విడియా 2023లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్పునే చూడండి. దాన్ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు మీదైనా నడిపేలా తయారీదారు అమర్చుకోవచ్చు. సన్నటి యంత్రంలో 60 వాట్లకు కట్టేసినా, బరువైన యంత్రంలో 115 వాట్లకు వదిలినా పెట్టె మీద పేరు మాత్రం 4060 అనే ఉంటుంది. తక్కువ వాట్లతో నడిచే 4060ని, నిండు వాట్లతో నడిచే, ఒక మెట్టు కిందిదైన 4050 అందుకుంటుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. డబ్బేమో పేరుని బట్టి తీసుకుంటారు. ఈ అంకెను టీజీపీ అంటారు. షాపులో అడిగితే తెలియకపోవచ్చు గానీ, మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే స్పెసిఫికేషన్లలో సాధారణంగా దొరుకుతుంది. బిల్లు రాయించుకునే ముందు ఆ ఒక్క పని తప్పక చేయాలని నేను గట్టిగా చెబుతాను.

వాట్లకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, చిప్పు వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. గ్రాఫిక్స్ చిప్పు 115 వాట్లు, ప్రాసెసర్ 45 వాట్లు తీసుకుంటే, నోటు పుస్తకమంత జాగాలోంచి 160 వాట్ల వేడిని బయటికి పంపాలి. ఆ పని చేసేవి హీట్ పైపులు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ వీటిని పనిచేసే రూపానికి తెచ్చాడు. ఒక్కోటి చూడటానికి చదును చేసిన రాగి గొట్టంలా ఉంటుంది. లోపల గాలి తీసేసి, కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీల దాకా ఆగకుండా చాలా ముందే మరుగుతుంది. చిప్పు దగ్గర ఆవిరైన నీరు అవతలి కొసకు పోయి, సన్నటి రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొర ఆ నీటిని వెనక్కి పీల్చుకొస్తుంది. రేకుల్లోని వేడిని ఫ్యాను బయటికి ఊదేస్తుంది.

ఊదేది మాత్రం మన గదిలోని గాలినే. వేడి ప్రవాహం కూడా కృష్ణా కాలువ లాంటిదే, వాటం ఉంటేనే పారుతుంది. వాటం తగ్గితే జోరు తగ్గుతుంది. ప్రాసెసర్ సుమారు 100 డిగ్రీల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గది 25 డిగ్రీలుంటే చిప్పుకీ గాలికీ తేడా 75. అదే 40 అయితే తేడా 60 మాత్రమే. అంటే అవే పైపులు, అదే ఫ్యాను ఐదో వంతు తక్కువ వేడిని మోస్తాయి. 25 డిగ్రీల గదిలో 100 వాట్లు తట్టుకున్న యంత్రం, 40 డిగ్రీల గదిలో 80 దగ్గరే ఆగిపోతుంది. విజయవాడలో ఎండాకాలం పగలు 40 దాటడం మామూలు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి భోజనాల వేళకి కూడా వేడి దింపుతూనే ఉంటుంది. యూట్యూబ్ సమీక్షలు ఎక్కువగా చల్లటి గదుల్లో చేసినవి. వాటిలో కనబడిన ఫ్రేముల లెక్క మన గదికి యథాతథంగా వర్తించదు. డిసెంబరులో బాగా ఆడిన గేము మేలో తడబడితే వైరస్ అనో, మోసపోయామనో కంగారుపడేవాళ్లు చాలామంది. చాలాసార్లు కారణం ఎండే.

అలాగని నిరాశపడక్కర్లేదు, ఇక్కడే భౌతికశాస్త్రం మనకు మేలు చేస్తుంది. చిప్పు తీసుకునే శక్తి దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గంలో పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. దీన్ని తిరగేసి చూడండి. వేగం పది శాతం, వోల్టేజీ పది శాతం తగ్గిస్తే 0.9 ని మూడుసార్లు గుణించినట్టు, అంటే దాదాపు 0.73. పది శాతం వేగం వదులుకుంటే వేడి 27 శాతం దిగుతుంది. గేము సెట్టింగుల్లో ఫ్రేములను సెకనుకు 60కో 90కో కట్టేయడం ఈ లాభాన్ని ఉచితంగా ఇస్తుంది. వెనక భాగాన్ని అంగుళం ఎత్తి పెడితే అడుగున గాలి ఆడుతుంది. పరుపు మీద పెడితే గాలి పీల్చుకునే రంధ్రాలే మూసుకుపోతాయి. సీలింగ్ ఫ్యాను కింద పెట్టినంత మాత్రాన పెద్దగా తేడా రాదు, ఫ్యాను గాలిని కదిలిస్తుందే తప్ప చల్లబరచదు.

అసలు పిల్లలకు ఎంత శక్తి కావాలి? 2008లో ఆర్జీయూకేటీ మొదలైనప్పుడు, మనం నూజివీడు ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే ప్రాంగణంలో పల్లెల నుంచి వచ్చిన పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి పాఠాలు చెప్పారు. పాఠం చూడటం, నోట్సు, ప్రోగ్రామింగ్ అభ్యాసం, రిపోర్టులు, వీటికి విడిగా గ్రాఫిక్స్ చిప్పు అక్కర్లేదు. ఇప్పటికీ అంతే. వాలరాంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి ఆటలు ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ మీద కూడా ఆడతాయి. పెద్ద త్రీడీ ఆటలు, మెకానికల్ వాళ్ల భారీ డిజైన్ పనులు, సొంత యంత్రం మీదే మెషీన్ లెర్నింగ్, వీటికి విడి చిప్పు కావాలి. చివరి పనికైతే ఎన్‌విడియానే నయం. ఆ రంగంలో చాలా సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ 2007లో విడుదల చేసిన 'కూడా' (CUDA) అనే ప్రోగ్రామింగ్ వేదిక మీద ఆధారపడి పెరిగింది.

విడి చిప్పు లేని యంత్రం కొనేవాళ్లు ర్యామ్ విషయంలో మోసపోతారు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. 16 జీబీ ఒకే కర్రగా ఉంటే ఒక దారిలోనే డేటా నడుస్తుంది. 8 జీబీ కర్రలు రెండుంటే దారులు రెండు, ఆటల్లో తేడా కళ్లకు కనబడుతుంది. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, తర్వాత పెంచుకునే స్లాటు ఉందా అన్నదీ అడగాలి. నాలుగేళ్ల చదువుకు ఇది చిన్న విషయం కాదు.

ఇక మోసే బరువు సంగతి. గుడివాడ, మచిలీపట్నం నుంచి రోజూ రైల్లో నిలబడి వచ్చే విద్యార్థికి, వడ్డేశ్వరం హాస్టల్లో ఉండే విద్యార్థికి ఒకే యంత్రం నప్పదు. 16 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ రెండున్నర కిలోల దగ్గర ఉంటుంది, దాని చార్జరు ఇంకో ముప్పావు కిలో. రోజూ ప్రయాణించేవాళ్లు రెండు కిలోలు దాటకుండా, 65 వాట్ల టైప్-సి చార్జరుతో కూడా చార్జి ఎక్కేది చూసుకోవాలి. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన చార్జింగ్ తీసుకుంటుందని కాదు, అది అడిగి తెలుసుకోవాలి. కిటికీ పక్కన కూర్చుని చదవాలంటే 250 నిట్ల వెలుగున్న తెర చాలదు, 400 ఉంటే మేలు.

బ్యాటరీ లెక్క సులువు. 60 వాట్-అవర్ల బ్యాటరీ, పీడీఎఫ్ చదువుతూ 8 వాట్లు ఖర్చయితే ఏడున్నర గంటలు. ఆటలో 80 వాట్లయితే 45 నిమిషాలు. పైగా ఆటకు కావలసినంత కరెంటును బ్యాటరీ అందించలేదు కనుక యంత్రం వేగం తగ్గించుకుంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఇల్లు నడుస్తున్నప్పుడు 230 వాట్ల గేమింగ్ చార్జరు మూడు పాత సీలింగ్ ఫ్యాన్లంత లాగుతుంది. ఆ సమయంలో ఆట ఆపేయమని ఇంట్లోవాళ్లు అనడం న్యాయమే. వేడి, నిండు చార్జి రెండూ కలిసినప్పుడు బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. రోజంతా ప్లగ్గులోనే ఉంచి వాడేవాళ్లు చార్జింగ్‌ను 80 శాతానికి కట్టేసే సెట్టింగు వెతికి పెట్టుకోవాలి.

తీరానికి దగ్గరయ్యే కొద్దీ తేమ పెరుగుతుంది. తేమ గాలిలో చెమట ఆరక మనం ఉక్కిరిబిక్కిరవుతాం. ల్యాప్‌టాప్‌కు చెమట పట్టదు కనుక 40 డిగ్రీలు పొడిగా ఉన్నా తడిగా ఉన్నా దానికి ఒకటే. దాని ప్రమాదం వేరు. 22 డిగ్రీల ఏసీ ల్యాబులో చల్లబడిన యంత్రాన్ని మచిలీపట్నం గాలిలోకి తెచ్చి తెరిస్తే, చల్లటి లోహం మీద నీటి చెమ్మ పడుతుంది. సంచిలోనే కాసేపు ఉంచి, బయటి వేడికి అలవాటయ్యాక తీయడం మంచిది. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో తాకితే జిల్లుమంటే కంగారు వద్దు, సాధారణంగా గది ప్లగ్గుకు ఎర్త్ సరిగా లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టరులో దూర్చకుండా, హాస్టల్లోనైతే వార్డెన్‌కి చెప్పి ఎర్త్ వేయించుకోవాలి.

నీళ్ల గురించి చెప్పకుండా ఈ ప్రాంతంలో ఏ వస్తువు గురించీ రాయలేం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి మునిగాయి. మునిగిన ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయకూడదు, చార్జరు పెట్టకూడదు, బియ్యంలో పాతిపెట్టీ లాభం లేదు. బురదనీటిలోని లవణాలు బోర్డు మీద మిగిలి తీగలను తినేస్తాయి, బియ్యం వాటిని తీయలేదు. తడిసిన లిథియం బ్యాటరీ నిప్పంటుకోవచ్చు కూడా. వీలైనంత త్వరగా విప్పించి, బ్యాటరీ వేరు చేసి కడిగించాలి. మామూలు వారంటీ నీటి నష్టానికి వర్తించదు, ప్రమాద బీమా విడిగా కొనాలి. యంత్రం పోయినా, ఎస్ఎస్‌డీ స్క్రూతో బిగించిన ఎం.2 రకమైతే తీసి వేరే డబ్బాలో పెట్టి ప్రాజెక్టు ఫైళ్లు చదివే అవకాశం ఉంది. అయితే చాలా విండోస్ 11 యంత్రాలు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి. వేరే కంప్యూటరులో పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కొన్న రోజే దాన్ని కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా ఇంటి పత్రాలతో పాటు పై అరలో పెట్టించండి.