ఆరు శనివారాలు, నలభై ఏళ్ల అప్పు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కి ఉత్తరాన గంటకు పైగా కారు ప్రయాణం చేస్తే ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరొస్తుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ అక్కడే ఉంది. 2017లో ఆ యూనివర్సిటీ తన క్యాంపస్‌లోనే కొత్త ఫుట్‌బాల్ స్టేడియం తెరిచింది. ఖర్చు 22 కోట్ల డాలర్లు. సీట్లు సుమారు 36,500. సొంత మైదానంలో ఏడాదికి ఆడే మ్యాచ్‌లు మాత్రం ఆరు, ఒక్కోసారి ఏడు.

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన ఆట కాదు. తలకు హెల్మెట్లు, భుజాలకు కవచాలు కట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని దూసుకుపోయే ఆట. ఆగస్టు చివర్లో మొదలై నవంబర్‌తో ప్రధాన సీజన్ అయిపోతుంది. ఎక్కువగా శనివారాలే ఆడతారు. ఆ ఆరు శనివారాల కోసం యూనివర్సిటీ సొంత స్టేడియం కట్టుకోవాలా, ఊరి చివర ఉన్న పాతదాంట్లోనో ఇంకొకరి స్టేడియంలో అద్దెకో సర్దుకోవాలా అన్న ప్రశ్న అమెరికాలో పదేపదే వస్తోంది. ఫోర్ట్ కాలిన్స్ ఈ ప్రశ్నతో అయిదేళ్లు కొట్టుకుంది. అందుకే లెక్క నేర్చుకోవడానికి అది మంచి చోటు.

ముందు అప్పు సంగతి చూద్దాం. 22 కోట్లను 40 ఏళ్లలో తీర్చేలా 4.5 శాతం వడ్డీకి తెచ్చారనుకుంటే, ఏటా కట్టాల్సిన వాయిదా దాదాపు కోటీ 20 లక్షల డాలర్లు. నలభై ఏళ్లకు కలిపి 48 కోట్లు. ఇది అర్థం కావడానికి నేను వేసిన లెక్కే అయినా, నిజానికి పెద్ద తేడా లేదు. యూనివర్సిటీ ఈ అప్పు కోసం 2015లో అమ్మిన బాండ్ల విలువ, పక్కన కట్టిన ఇతర భవనాల భాగంతో సహా, 24 కోట్లకు దగ్గరగా ఉంది. ఏటా కట్టే వాయిదా అంచనా కూడా ఈ ప్రాంతంలోనే తిరిగింది.

ఇప్పుడు 36,500 సీట్లను ఆరు మ్యాచ్‌లతో గుణించండి. 2,19,000 టికెట్లు వస్తాయి. కోటీ 20 లక్షలను వాటికి పంచితే ఒక్కో సీటు మీద, ఒక్కో మ్యాచ్‌కి, 55 డాలర్ల అప్పు పడుతుంది. కోచ్ జీతం, జట్టు ప్రయాణం, కరెంటు, పచ్చిక, సెక్యూరిటీ వీటిలో ఏదీ ఇందులో లేదు. స్టేడియం 70 శాతమే నిండితే ఆ 55 కాస్తా 78 అవుతుంది. సగమే నిండితే 110. వాయిదా మొత్తం ప్రతి ఏడాదీ ఒకటే. మారేది వచ్చి కూర్చునే మనుషుల సంఖ్య.

ఇలా చెప్పి ఊరుకుంటే మాత్రం అన్యాయం చేసినవాణ్ణవుతాను. కొత్తది కట్టకపోతే ఖర్చు సున్నా కాదు కదా. ఆ జట్టుకు 1968 నుంచి హ్యూస్ స్టేడియం ఉండేది. ఊరికి పడమర, కొండల వారన, క్యాంపస్‌కి కొన్ని మైళ్ల దూరంలో ఉండేది. సుమారు 32,500 సీట్లు. అందం విషయంలో దానికి వంక పెట్టలేం. కానీ మరమ్మతులు ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వచ్చాయి. దాన్ని నిలబెట్టడానికే దాదాపు 3 కోట్ల డాలర్లు కావాలని తేలింది. ఈ 3 కోట్లను కూడా అదే వడ్డీకి, అదే 40 ఏళ్లకు అప్పు తెచ్చారనుకుంటే ఏడాది వాయిదా 16 లక్షల డాలర్ల పైచిలుకు. సీటుకు 8 డాలర్లు.

అంటే అసలు పోలిక 55కీ సున్నాకీ కాదు, 55కీ 8కీ. మధ్యలో ఉన్న తేడా ఏడాదికి కోటి డాలర్ల పైన. కొత్త స్టేడియం పాతదానికంటే ఆ మేరకు అదనంగా సంపాదిస్తే గెలిచినట్టు, లేకపోతే లేదు. ఇంత సూటి ప్రశ్నను సభల్లో ‘మన గౌరవం’, ‘మన సంప్రదాయం’ అనే మాటల కింద పూడ్చేస్తుంటారు. అది నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే గౌరవానికి వాయిదా ఉండదు, బాండ్‌కి ఉంటుంది.

మరి ఆ కోటి ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటిది పేరు అమ్మకం. స్థానిక పరపతి సంఘం ఒకటి 15 ఏళ్లకు 3 కోట్ల 77 లక్షల డాలర్లకు పేరు హక్కులు తీసుకుంది. అందుకే ఇప్పుడది కాన్వాస్ స్టేడియం. ఏడాదికి లెక్కేస్తే 25 లక్షలు. పేరు చెప్పని దాత ఒకరు 2 కోట్లు ఇచ్చి మైదానానికి తన పేరు కాకుండా పాత కోచ్ సోనీ లూబిక్ పేరు పెట్టమన్నారు. ఈ వివరం నాకు చాలా నచ్చింది. మిగతాది అద్దాల గదులు, భోజనంతో కూడిన ఖరీదైన సీట్లు, మంచి సీటు కావాలంటే ముందు ఇవ్వాల్సిన విరాళం, పార్కింగ్, తినుబండారాలు. పాత స్టేడియంలో ఇలాంటివి అమ్మడానికి తగిన చోటే తక్కువ. కొత్త స్టేడియానికి బలమైన వాదన నిజంగా ఇదే, తక్కినవన్నీ దీని తర్వాతే.

ఒక మెలిక గమనించాలి. పేరు ఒప్పందం 2018లో కుదిరింది. పదిహేనేళ్లంటే 2033. అప్పు దాదాపు 2055 దాకా ఉంటుంది. చివరి 22 ఏళ్లకు పేరు మళ్లీ అమ్మాలి. అప్పటికి అది పాత స్టేడియం. దాని పేరుకు ఎంత ధర పలుకుతుందో ఇవాళ ఎవరూ రాసివ్వలేరు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది 2012 నుంచి 2014 దాకా గడిచిన రెండేళ్లు. 2011 చివర్లో ఆటల విభాగం అధిపతిగా (అథ్లెటిక్ డైరెక్టర్) వచ్చిన జాక్ గ్రాహం క్యాంపస్‌లో స్టేడియం కట్టాలన్నారు. అప్పటి యూనివర్సిటీ అధ్యక్షుడు టోనీ ఫ్రాంక్ కమిటీ వేశారు. 2012లో పాలకమండలి సరేనంది కానీ తెలివైన మెలిక పెట్టింది. అప్పటి అంచనా ఖర్చులో దాదాపు సగం ముందు విరాళాలుగా రావాలి, గడువు రెండేళ్లు. నా దృష్టిలో ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు. స్టేడియం కావాలని సర్వేలో చెప్పడానికి రూపాయి ఖర్చుండదు. చెక్కు రాయాలంటే మనసులో ఉన్నది బయటపడుతుంది.

రెండేళ్లు గడిచాయి. అనుకున్న సొమ్ములో సగం కూడా చేరలేదు. 2014 ఆగస్టులో గ్రాహం పదవి పోయింది. పరీక్ష ఫలితం వచ్చేసినట్టే. కానీ ఆ డిసెంబర్‌లోనే పాలకమండలి ఖర్చు కాస్త తగ్గించి, విరాళాల కోసం ఆగకుండా బాండ్లతోనే కట్టే పథకానికి ఆమోదం తెలిపింది. దాతలు వెనక్కి తగ్గిన చోట అప్పు ముందుకొచ్చింది. పని మొదలయ్యాక పెద్ద విరాళాలు వచ్చిన మాట నిజమే. అయినా నేను ఆ నిర్ణయాన్ని సమర్థించలేను. అంత ఆలోచించి పెట్టుకున్న షరతును, అది ఇబ్బందికరమైన జవాబు చెప్పగానే పక్కన పెట్టడం తప్పు.

అలా కట్టాక ఏమైంది? 2017 ఆగస్టు 26న తొలి మ్యాచ్‌లో ఒరెగాన్ స్టేట్ జట్టును 58–27తో చిత్తు చేశారు. సీట్లకు మించి జనం. ఆ సీజన్ 7 గెలుపులు, 6 ఓటములతో ముగిసింది. 2018లో 3 గెలుపులు, 9 ఓటములు. అక్కణ్ణుంచి 2023 దాకా వరుసగా ఆరు సీజన్లు ఓటములే ఎక్కువ. మధ్యలో కోవిడ్ ఏడాది. 2024లో ఎనిమిది గెలిచారు. ఆ ఏడాదే పక్క ఊరి చిరకాల ప్రత్యర్థి, కొలరాడో యూనివర్సిటీ జట్టు, డియాన్ శాండర్స్ కోచింగ్‌లో ఇక్కడ ఆడటానికి వచ్చినప్పుడు హాజరు 40,000 దాటింది. అంటే స్టేడియం నిండగలదు. కానీ నింపేది కాంక్రీటు కాదు, ఎదుటి జట్టూ మన జట్టు ఆటతీరూ.

కొత్త స్టేడియం వస్తే విద్యార్థులు ఎక్కువగా చేరతారన్న వాదనను కూడా ఇక్కడే తూచాలి. 1984లో బోస్టన్ కాలేజ్ క్వార్టర్‌బ్యాక్ డగ్ ఫ్లూటీ చివరి క్షణంలో విసిరిన పాస్‌తో మయామీని ఓడించాక ఆ కాలేజీకి దరఖాస్తులు పెరిగాయంటారు. హార్వర్డ్ పరిశోధకుడు డగ్ చుంగ్ 2013లో లెక్క తీసి, ఫుట్‌బాల్‌లో అంతంతమాత్రంగా ఉన్న జట్టు గొప్ప జట్టుగా మారితే దరఖాస్తులు దాదాపు 18 శాతం పెరుగుతాయన్నాడు. అది గెలుపు లెక్క. స్టేడియం లెక్క కాదు. ఈ రెంటినీ కలిపి చెబుతుంటారు. బయటి రాష్ట్రం నుంచో దేశం నుంచో వచ్చే విద్యార్థి మీద ఖర్చులు పోను 15,000 డాలర్లు మిగులుతాయనుకుందాం. కోటీ 20 లక్షల వాయిదా అలా తీరాలంటే, స్టేడియం లేకపోతే రాని విద్యార్థులు ఏ ఏడాదైనా 800 మంది క్యాంపస్‌లో ఉండాలి.

ఆ బయటి విద్యార్థుల్లో మన పిల్లలూ ఉంటారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా వేలమంది అమెరికా యూనివర్సిటీలకు వెళుతున్నారు. చాలామంది తల్లిదండ్రులు ఇంటి మీద అప్పు తెచ్చి ఫీజు కడుతున్నారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల బిల్లులో ట్యూషన్ కింద ‘స్టూడెంట్ ఫీజు’ అని ఇంకో వరస ఉంటుంది. అందులో కొంత ఆటల విభాగానికి పోతుంది. ఫోర్ట్ కాలిన్స్‌లో ట్యూషన్, విద్యార్థి ఫీజు, పన్ను డబ్బు స్టేడియంలో పెట్టబోమని ముందే మాటిచ్చారు. కానీ ఏదైనా యూనివర్సిటీలో ఆ మాట నిలవకపోతే బరువెంతో చూడండి. కోటీ 20 లక్షల డాలర్లను 28,000 మంది విద్యార్థుల మీద వేస్తే తలకు సుమారు 430 డాలర్లు. డాలరు 85 రూపాయల చొప్పున ఏడాదికి 36 వేల పైచిలుకు. ఒక్క మ్యాచ్ కూడా చూడని కెమిస్ట్రీ పరిశోధక విద్యార్థి మీద కూడా.

మాట తప్పడం ఊహ కాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ 1923 నాటి తన స్టేడియాన్ని భూకంపాలకు తట్టుకునేలా 32 కోట్ల డాలర్లతో బాగుచేసింది. అది సరిగ్గా భూమి చీలిక మీదే ఉంది. మంచి సీట్ల హక్కును దశాబ్దాల పాటు ముందే అమ్మి ఆ అప్పు తీరుస్తామన్నారు. అనుకున్నంతమంది కొనలేదు. చివరికి ఆటల విభాగం భరించలేని అప్పులో సగానికి పైగా యూనివర్సిటీయే నెత్తికెత్తుకుంది. ఒహాయోలోని ఆక్రన్ యూనివర్సిటీ క్యాంపస్‌కి దూరంగా ఉన్న పాత స్టేడియం వదిలి 2009లో క్యాంపస్‌లో 30,000 సీట్లతో కొత్తది కట్టింది. తర్వాత సగటు హాజరు 10,000 చుట్టూ తిరిగిన సీజన్లున్నాయి.

దాచకుండా చేసినవాళ్లూ ఉన్నారు. మిన్నెసోటా యూనివర్సిటీ 1982లో సొంత స్టేడియం వదిలి నగరం నడిబొడ్డున గోపురం కప్పున్న స్టేడియంలోకి అద్దెకు వెళ్లింది. 27 సీజన్లు అక్కడే ఆడి, 2009లో 28 కోట్ల 85 లక్షల డాలర్ల ఖర్చుతో క్యాంపస్‌కి తిరిగొచ్చింది. దాదాపు సగం రాష్ట్ర ప్రభుత్వం భరించింది. ఒక బ్యాంకు పేరు కోసం మూడున్నర కోట్లు ఇచ్చింది. విద్యార్థుల మీద ఏడాదికి 25 డాలర్ల ఫీజు వేశారు. ఎవరి వాటా ఎంతో ముందే తేలిపోయింది. హ్యూస్టన్ యూనివర్సిటీ ఇంకో అడుగు ముందుకేసి 2012లో విద్యార్థులనే ఓటు అడిగింది. సెమిస్టర్‌కి 45 డాలర్లు కడతామని వాళ్లే ఒప్పుకున్నారు. ఈ పద్ధతి నాకు గౌరవం కలిగిస్తుంది.

ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ కథ వేరు. ఈగల్స్ అనే వృత్తి జట్టు స్టేడియంలో అద్దెకు ఆడుతూ, అద్దె పెరుగుతోందని 35,000 సీట్లతో 13 కోట్ల డాలర్ల స్టేడియం తలపెట్టింది. మనం వేసిన పద్ధతిలోనే ఏడాది వాయిదా 70 లక్షలు. కొత్త ఆదాయం మాట పక్కన పెడితే, అద్దె ఆ అంకెకు చేరేదాకా అద్దెకుండటమే చవక. అంకెలకంటే ముందు ఇరుగుపొరుగు అడ్డుపడ్డారు. ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న పేట అది. 2018 మార్చిలో యూనివర్సిటీ పెట్టిన సభ నిరసనలతో ఆగిపోయింది. స్టేడియం రాలేదు. వేల కార్లు, అర్ధరాత్రి దాకా మైకులు ఎవరి గుమ్మం ముందుకొస్తాయో వాళ్లకు లెక్కలో ఒక గడి ఉండాలి. సాధారణంగా ఉండదు.

ఊరికి వ్యాపారం పెరుగుతుందన్న మాటను నేను పెద్దగా పట్టించుకోను. స్టేడియాల మీద దశాబ్దాలుగా పనిచేసిన ఆర్థికవేత్తలు దాదాపు ఒక్క గొంతుతో చెప్పేది ఒకటే. మ్యాచ్ రోజు హోటల్లో ఖర్చయ్యే డబ్బులో ఎక్కువ భాగం అదే ఊళ్లో ఇంకో రోజు, ఇంకో చోట ఖర్చయ్యేదే.

2025లో ఈ లెక్కలో కొత్త పద్దు చేరింది. జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. తొలి ఏడాది పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. స్టేడియం వాయిదా ఇక ఆటగాళ్ల వాటాతో పోటీ పడాలి. గట్టి ఆటగాళ్లు డబ్బిచ్చే చోటికి పోతారు, వాళ్లు పోతే సీట్లు ఖాళీ అవుతాయి, అప్పుడు 55 మళ్లీ 78 వైపు నడుస్తుంది. అయినా ఫ్లోరిడాలో టాంపాలోని సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ 34 కోట్ల అంచనాతో, అందులో 20 కోట్లు అప్పుగా, 35,000 సీట్ల స్టేడియం కడుతోంది. 2027లో తెరవాలని వాళ్ల ఆలోచన.

అక్కడ పాలకమండలిలో నేనుంటే ఒకటే అడిగేవాణ్ణి. స్టేడియం సగమే నిండిన ఏడాది, జట్టు మూడే గెలిచిన ఏడాది, వాయిదా ఎవరి జేబులోంచి కడతారో పేరుతో సహా కాగితం మీద చూపించండి. చూపిస్తే క్యాంపస్‌లోనే కట్టమంటాను. శనివారం మధ్యాహ్నం హాస్టల్ గదిలోంచి నడుచుకుంటూ ఆటకు వెళ్లడంలో ఉన్న ఆనందం కారులో కొండ దగ్గరికి వెళ్లడంలో ఉండదని ఒప్పుకుంటాను.

హ్యూస్ స్టేడియాన్ని 2018లో పడగొట్టారు. ఆ నేలలో ఇళ్లు కట్టాలన్న ఆలోచన వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఫోర్ట్ కాలిన్స్ జనం ఓటేసి, అది ఖాళీ ప్రదేశంగానే ఉండాలన్నారు. 2023లో నగరపాలక సంస్థ యూనివర్సిటీ దగ్గర ఆ కొండవార స్థలాన్ని, దాదాపు 165 ఎకరాలు, కొనుక్కుంది. ధర కోటీ 25 లక్షల డాలర్లు. కొత్త స్టేడియం అప్పుకు దాదాపు ఒక్క ఏడాది వాయిదా అది.