పొరుగువాడెవడు?

పొరుగువాడంటే మన భాషలో గోడకు అవతలివాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత పుట్టింది ఆ గోడ దగ్గరే. కాస్త మజ్జిగకో, చేబదులుకో వెళ్లివచ్చే చనువు ఉన్నంతవరకే పొరుగు. అక్కడినుంచి అందరూ పరాయివాళ్లే. క్రైస్తవుల ప్రేమధర్మమంతా ఈ చిన్న మాటమీద నిలబడి ఉన్నది. యేసును పరీక్షించవచ్చిన ధర్మశాస్త్ర పండితుడికి, పొరుగువాణ్ణి తనతో సమంగా ప్రేమించాలన్న లేవీయకాండపు ఆజ్ఞ కంఠస్థమే. అతని చిక్కల్లా ఒక్కటి: ఆ పొరుగు ఎంతవరకు? లెక్క ఎక్కడ ఆపాలి?

యేసు లెక్క చెప్పలేదు, కథ చెప్పాడు. అది లూకా సువార్త పదవ అధ్యాయంలో ఉంది. యెరూషలేమునుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు ఒకణ్ణి దోచుకొని, కొట్టి, కొనప్రాణంతో వదిలిపోయారు. అటు వచ్చిన యాజకుడు చూసి పక్కనుంచి తప్పుకున్నాడు. లేవీయుడూ అంతే. యూదులు పొత్తు పెట్టుకోని సమరయుడొకడు మాత్రం ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు. తన వాహనంమీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు, అంటే ఆ కాలపు రెండు రోజుల కూలి, ఇంటివాడి చేతిలో పెట్టి, పైన ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.

ఈ ముగ్గురిలో పొరుగువాడయింది ఎవడని యేసు అడిగితే, పండితుడి నోట సమరయుడన్న మాటే రాలేదు. జాలి చూపినవాడే అని ఊరుకున్నాడు. యేసు అతణ్ణి చిన్నబుచ్చలేదు. అలాగని నిజాన్ని దాచనూ లేదు. ప్రేమతోపాటు సత్యం కూడా నడవాలనడంలో అర్థం ఇదే.

ఈ కథకు మన గుంటూరులోనే ఒక సాక్ష్యం ఉంది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టి, అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టభద్రురాలై, 1883లో గుంటూరు వచ్చారు. లూథరన్ మిషనువారు మొదట అప్పగించినది ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పని. ఆ పని మానకుండానే ఆమె మందులపెట్టె తెరిచారు. తొలి ఏడాదే నాలుగువందలమందికిపైగా వైద్యం చేశారు. మగ వైద్యుడికి నాడి చూపనివ్వని ఇళ్లెన్నో ఉన్న రోజులవి. కాన్పు కష్టమై కొట్టుకుంటున్న తల్లి పక్కన కంటతడి పెట్టేవాళ్లకు కరువు లేదు. కావలసింది పని తెలిసిన చెయ్యి. 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి వెలిసింది. తమ ఇంటివారికి చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువులకోసం సత్రం కట్టించారు. పూటకూళ్ల ఇంటి ముచ్చట గుంటూరులో మళ్లీ జరిగిందన్నమాట. ఈసారి ఖర్చు పెట్టుకున్నది ఒక హిందూ జమీందారు! కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచింది.

సత్యమన్నాక నచ్చని మాట కూడా చెప్పుకోవాలి. ఆదివారంనాడు ఒకే రొట్టె పంచుకున్న మన తెలుగు సంఘాలలోనే, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఏ కులంవారని ఆరా తీయడం ఈనాటికీ ఉన్నది. పండితుడి పాత చిక్కే ఇది. మాటలతో సరిపెట్టక క్రియతో, సత్యంతో ప్రేమించండని యోహాను తన పత్రికలో హెచ్చరించినది బయటివాళ్లను కాదు, సాటి విశ్వాసులనే.

మతమేదైనా ఈ ప్రశ్న మన ఇళ్లలోనూ ఉన్నది. ఇంట్లో అంట్లు తోమే మనిషి నాలుగు రోజులు జ్వరంతో రాలేదనుకోండి. అయ్యో పాపం అనడం మనందరికీ వచ్చు. ఆమె ఇల్లు ఎక్కడో మనలో ఎందరికి తెలుసు? నెల తిరిగేసరికి ఆ నాలుగు రోజుల జీతం కోస్తామా, ఇస్తామా? సమరయుడు కూడా తన ప్రయాణం మానుకోలేదు. మర్నాడు తన దారిన తాను వెళ్లాడు. కాని వెళ్లేముందు పైకం లెక్కపెట్టి ఇచ్చి, మళ్లీ వస్తానని మాట ఇచ్చి మరీ వెళ్లాడు. మనకూ పనులున్నాయి, నిజమే. బజారుకు పోతూ పోతూ ఆమె ఇంటి తలుపు తట్టి, ఎలా ఉన్నావమ్మా అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?