దూరం పెరిగింది, టైము తగ్గింది!

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమానంలో ఎంతసేపు పడుతుందర్రా అని అడిగితే, మీరంతా దూరాన్ని వేగంతో భాగించి టక్కున చెప్పేస్తారు. బళ్లో నేర్పింది అదేగా! గ్లోబు మీద ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దారం లాగి పట్టండి. సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. దారం ఎటు పోయిందో చూశారా? ఉత్తర ధ్రువానికి దగ్గరగా! గోడకున్న మ్యాపులో స్కేలు పెట్టి గీస్తే ఈ దారి ఛస్తే దొరకదు.

అయితే విమానాలు ఎప్పుడూ దారం వెంటే పోవు. ఎయిర్ ఇండియా సర్వీసు మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ వైపు తిప్పారు. దారి 15,300 కిలోమీటర్లయింది. అంటే 1,400 కిలోమీటర్ల చుట్టు! తీరా చూస్తే పద్నాలుగున్నర గంటల్లో, పాత దారికన్నా ముందే దిగింది.

ఇదంతా గాలి చలవ. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువాల దగ్గర చలి. ఆ తేడాకి భూభ్రమణం తోడై, పదికిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గాలి ఏరులా పారుతుంటుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని జోరు మరీ ఎక్కువ. జపాన్‌లో ఓయిషి అనే ఆయన 1920లలోనే బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచాడు. పాపం, ఆ సంగతిని ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. ఎవరు చదువుతారు?

రాజమండ్రి నుంచి పాపికొండలకి ఏటికెదురు పోయే లాంచీ ఆయాసపడుతుంది, తిరుగు ప్రయాణంలో హాయిగా జారిపోతుంది. విమానం కథా అంతే: పసిఫిక్ మీదుగా తూర్పుకి పోతే గాలి వాటం, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతే ఎదురుగాలి. ఇంజను అదే, గాలిలో దాని వేగం అదే. నేల మీద లెక్క మాత్రం మారిపోతుంది.

‘పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది, చెల్లుకు చెల్లు’ అంటారేమో. ఏం కాదు! కాగితం తీయండి. దూరం 6,300 కిలోమీటర్లు, విమానం వేగం గంటకి 900, గాలి 150 అనుకుందాం. గాలి వాటాన 1,050 చొప్పున 6 గంటలు. ఎదురుగాలిలో 750 చొప్పున 8 గంటల 24 నిమిషాలు. గాలే లేకపోతే రానూపోనూ 14 గంటల్లో అయిపోయేది. 24 నిమిషాలు ఎక్కడ పోయాయి? ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి, అది చేసే నష్టమే ఎక్కువ.

ఇంకో అనుమానం మీ నాలుక చివరే ఉందని నాకు తెలుసు. భూమి పడమటి నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, పడమటికి పోయే విమానానికి ఊరే ఎదురు రావాలిగా అని. రాదు నాయనా. భూమితోపాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలోనే విమానమూ ఉంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కయ్యో టికెట్ పంపితే, రాకపోకల టైములు పక్కపక్కన రాసి చూడండి. ఒక్క జాగ్రత్త: టికెట్ మీద ఉండేది ఎక్కడి టైము అక్కడిదే. శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. ముందు ఆ తేడా సరిచేసుకుని, తర్వాత లెక్క కట్టండి.